ఇరవై ఒకటో పన్ను

పోయిన వారం గౌరీశ్వరిని మల్కాపురంలో వాళ్ళ డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, చేతిలో ఫోనుతో వదిలి వచ్చాం. ఆ ఫోను తెర మీద రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఆమె భర్త నీలకంఠానిది. రెండోది చందుది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. నీలకంఠం పోయి ఐదు వారాలైంది. పోర్టు పక్కన బొగ్గు నిలవచేసే ఒక ప్రైవేటు యార్డులో అతని ఉద్యోగం. పట్టపగలు, పదిన్నర వేళ, వెనక్కి వస్తున్న బొగ్గెత్తే లోడరు బండి కింద పడి చనిపోయాడు. కంపెనీవాళ్ళు రాసిన కాగితంలో కారణాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏదో వింటున్నాడు, హారన్ వినిపించలేదు. కాబట్టి తప్పు అతనిదే.

ఆ వింటున్నదేమిటో వీధిలో అందరికీ తెలుసు. 'పంటి కింద పంచదార' అనే ఆడియో నవల. అంబుజ అనే పళ్ళ డాక్టరమ్మకీ, పరంధాం అనే కాజాల కొట్టు యజమానికీ మధ్య నడిచే నవ్వుల ప్రేమకథ. నోట్లో పళ్ళెన్నో ఆ నవలకి భాగాలన్ని. ఒక్కో భాగాన్నీ ఒక్కో 'పన్ను' అంటారు. మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ గౌరీశ్వరి ముందు తను విన్నది. పదో పన్ను దాకా విని, ఉండబట్టలేక మొగుడి ఫోన్లో పెట్టింది. "బస్సులో ఊరికే కిటికీలోంచి సూత్తా కూకునే బదులు ఇది ఇను" అంది. ఆ తరువాత ఇద్దరూ పోటీ పడి వినలేదు. అతను విని వచ్చి రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే వినడమే ఆమెకి ఎక్కువ నచ్చి, తను వినడం మానేసింది. రోజుకో పన్ను నొప్పి అంటూ వచ్చే పరంధాంతో డాక్టరమ్మ, "మీ నోట్లో ఉన్నవి ముప్పై రెండు. అవన్నీ అయిపోయాక ఏం చేస్తారు?" అంటుంది. "మా నాన్నగారివి ఇంకా ఇరవై రెండు ఉన్నాయండి" అంటాడు పరంధాం. ఆ ముక్క చెబుతూ నీలకంఠం నవ్విన నవ్వుకి మజ్జిగ ముక్కులోకి పోయి, వాళ్ళమ్మ కాసులమ్మ లేచి నెత్తిన తట్టాల్సి వచ్చింది.

పదకొండో రోజున అదే కాసులమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, "ఆ కథేదో నా కొడుకుని తినేసింది" అంది. ఆ కథని ఇంట్లోకి తెచ్చిందెవరో ఆవిడ అనలేదు. అననక్కర్లేదు. ఆ రోజు నుంచి గౌరీశ్వరికి రెండో ముద్ద గొంతు దిగడం లేదు.

అతను ఎక్కడిదాకా విని వెళ్ళిపోయాడో తెలుసుకోవాలని ఆమె అతని ఫోన్లో యాప్ తెరిచింది. గుర్తు ఇరవై ఒకటో పన్ను మధ్యలో ఆగి ఉంది. రోజూ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ డాబా ఎక్కి ఆ ఇరవై ఒకటే మొదట్నించి వినేది. ముందుకి వెళ్ళడానికి మనసొప్పేది కాదు. మర్నాడు చూస్తే గుర్తు ఇరవైనాలుగులోనో ఇరవైఐదులోనో ఉండేది. ఎవరో అతని అకౌంటులో కూర్చుని, అతను వినకుండా మిగిల్చి వెళ్ళిన కథని వింటున్నారు. ఆ అకౌంటు ఏయే ఫోన్లలో తెరిచి ఉందో ఫోన్ల కొట్టు అబ్బాయి జాబితా తీసి చూపించడంతో ఆ రెండో పేరు బయటపడింది.

చందు యార్డులో నీలకంఠానికి తోటి పనివాడు. వయసులో ఆరేళ్ళు చిన్న. యారాడలో చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లవాడు. సముద్రం మీద నమ్మకం పోయి యార్డులో చేరాడు. నీలకంఠాన్ని బావ అనేవాడు, గౌరీశ్వరిని అక్క అనేవాడు, వారానికి రెండుసార్లు ఆమె చేతి అన్నం తినేవాడు. అలాంటివాడు నీలకంఠం శవం ఇంటికి వస్తే రాలేదు. పదకొండో రోజుకి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

సోమవారం యార్డు ప్రమాదం మీద విచారణ. ఇది శనివారం. జాకెట్లు ఇచ్చి వస్తానని అత్తగారితో చెప్పి, సంచీలో ఒక్క జాకెట్టూ లేకుండా గౌరీశ్వరి యారాడ బస్సెక్కింది.

బస్సు కొండెక్కి, అవతలి పక్కకి దిగడం మొదలుపెట్టగానే గాలి మారింది. మల్కాపురంలో కిటికీ పట్టుకుంటే వేళ్ళకి నల్లగా అంటుతుంది. ఇక్కడ ఉప్పు అంటుతుంది. పెళ్ళైన కొత్తలో నీలకంఠం ఒకసారి ఈ దారినే తీసుకొచ్చాడు. ఆ రోజు వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకోబోయి, ఒక్క మాటా గుర్తు రాక ఆమె భయపడింది. ఐదు వారాలకే ఇలా అయితే, ఐదేళ్ళకి ఇంకేం మిగులుతుంది?

చందు ఇల్లు ఎక్కడని అడిగితే, ఒక ముసలావిడ ఇంటి వైపు కాకుండా ఒడ్డు వైపు చెయ్యి చూపించింది. "తెల్లారి నుంచి ఆ బోటు కాడే ఉంతాడమ్మా. ఇంట్లో నిలవడు."

ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. చివరి పడవ నీడలో చందు గౌరీశ్వరి వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. చినిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని కుడుతున్నాడు. పక్కన ఇసకలో ఫోను. అందులోంచి ఆమెకి బాగా తెలిసిన ఆడగొంతు వస్తోంది. నవల చదివే ఆవిడ గొంతు. అలల మోతలో కలిసిపోకుండా, ఏదో చుట్టాలింట్లో కబుర్లు చెబుతున్నట్టు హాయిగా సాగుతోంది.

"...దంత వైద్యశాలలో కరెంటు పోయింది. కుర్చీ వెనక్కి వాలినది వాలినట్టే ఆగిపోయింది. నోటి నిండా దూదితో, కాళ్ళు పైకి లేచి, పరంధాం తన జీవితంలోకెల్లా ముఖ్యమైన మాట అప్పుడే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. 'అన్ను ఎల్లి ఏసుకుంతాలా' అన్నాడు. అంబుజ కాగితం మీద రాసుకుంది. కింది వరస, ఎడమ పక్క, మంట. పరంధాం తల అడ్డంగా ఊపాడు. 'ఎల్లి, ఎల్లి' అన్నాడు. 'చన్నీళ్ళు తాగితే ఎక్కువవుతోందా?' అని అడిగింది అంబుజ..."

ఇరవై ఒకటో పన్ను. నిన్న మధ్యాహ్నం డాబా మీద ఈ చోటే గౌరీశ్వరికి నవ్వొచ్చింది. ఐదు వారాల్లో మొదటి నవ్వు. వచ్చినందుకు ఆ తరువాత ట్యాంకు వెనక్కి వెళ్ళి చాలాసేపు ఏడ్చింది. ఇక్కడ చందు మాత్రం నవ్వడం లేదు. భుజాలు కదలడం లేదు. సూది వలలోకి దిగుతోంది, పైకి వస్తోంది, మళ్ళీ దిగుతోంది.

"చందూ" అంది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. లేవబోయాడు. కాలికి తగిలించిన వల లాగేసరికి మళ్ళీ ఇసకలో కూలబడ్డాడు.

"లెగకు. కూకో" అంది గౌరీశ్వరి. తనూ కొంచెం దూరంలో, పడవ చెక్కకి ఆనుకుని కూర్చుంది. "ఈ గుర్తు రోజూ ముందుకి జరిపేత్తన్నది నువ్వేనా?"

చందు ఆమె ముఖంలోకి చూశాడు. అతని గడ్డం పెరిగిపోయింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"ఎనక్కి తెత్తన్నది నువ్వా అక్కా?" అన్నాడు.

"మరెవులనుకున్నావు?"

"నాను ఇరవైనాలుగు దాకా ఎల్తాను. మర్నాడు తెరిసీసరికి మళ్ళీ ఇరవై ఒకటి కాడుంతాది. నెట్టుకుని ఇరవైఐదుకి ఎల్తాను. మళ్ళీ ఇరవై ఒకటే. బావే ఎనక్కి తిప్పుతన్నాడనుకున్నాను. పిచ్చోళ్ళాగ అనుకున్నాను. ఇంట్లో సెప్పుకోలేను. ఇయాల ఇంక ముందుకి తొయ్యలేకపోనాను. బావ ఇనమంటన్నాడు, ఇందాం అని ఇదే ఎట్టుకుని కూకున్నాను."

"పోయినోడు ఎనక్కి ఎందుకు తిప్పుతాడు?"

ఫోనులో డాక్టరమ్మ ఇంకా పరంధాం పళ్ళ గురించి ఆరా తీస్తూనే ఉంది. గౌరీశ్వరి చెయ్యి చాపి దాన్ని ఆపేసింది. ఆ గొంతు పోగానే సముద్రం ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది.

"నువ్వు రానేదేటి?" అని అడిగింది. "అందరూ వచ్చేరు. బావ ముఖం ఎరగనోళ్ళు కూడా వచ్చేరు. నువ్వు రానేదేటి చందూ?"

"ఏ ముఖం ఎట్టుకుని రమ్మంతావు?"

"అంటే?"

చందు బొటనవేలి నుంచి వల తీశాడు. నెమ్మదిగా మడతపెట్టాడు. ఆ మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాడు. గౌరీశ్వరి తొందరపెట్టలేదు.

"బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూకునీవోళ్ళం" అన్నాడు చివరికి. "ఒక సెవిది బావకి, ఒక సెవిది నాకు. పొద్దున్న ఎల్తన్నప్పుడు సగం, సాయంత్రం ఒత్తన్నప్పుడు సగం. బావ ఫోను బ్యాటరీ నిలవట్లేదని నా ఫోన్లో కూడా ఎక్కించేడు. ఎక్కించి ఒట్టేయించుకున్నాడు. ఒకళ్ళని ఒగ్గేసి ఒకళ్ళు ఇనకూడదని. నవ్వుతా ఏయించుకున్నాడు, కానీ ఒట్టు ఒట్టే గదా."

"నాతో సెప్పేడు" అంది గౌరీశ్వరి. నిజంగానే చెప్పాడు. 'ఆడు సిన్నపిల్లోడే, ముందే ఇనేత్తాడని బయిం నాకు' అన్నాడు. ఆ మాట ఆమె చందుతో ఇప్పుడు అనలేదు.

"ఆ రోజు పొద్దున్న సగంలో బస్సు దిగిపోనాం. పరంధాం కుర్సీలో కూకున్నాడు, కరెంటు పోనాది. అక్కడ ఆగిపోనాది. నాకు పని మీద మనసు నిలవట్లేదు. బొగ్గు కుప్ప మీద నీళ్ళు కొట్టే గొట్టం నా సేతిలో ఉంది. బావ అవతల టార్పాలిన్లు కప్పతన్నాడు. దూరంగా ఉన్నాడు గదా, సూడడు గదా అని..."

అతను ఆగాడు. ఇసకలో ఉన్న ఫోను వైపు చూశాడు.

"రెండూ నా సెవుల్లోనే ఎట్టుకున్నాను అక్కా. ఆ రోజు కథ ఇన్నది బావ కాదు. నాను."

సముద్రం మీంచి ఒక పడవ ఒడ్డుకి వస్తోంది. దాన్ని లాగడానికి నలుగురు మనుషులు పరిగెడుతున్నారు. గౌరీశ్వరి వాళ్ళనే చూస్తోంది. చందు మాట ఆమె చెవిలో పడింది, కానీ లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది. ముందు ఆమెకి కలిగింది కోపం కాదు. ఒక విచిత్రమైన తేలిక. అతను ఒట్టు తప్పలేదు. అతను వినలేదు. నేను పెట్టిన కథ అతని చెవిలో లేదు. ఆ వెంటనే ఆ తేలిక కిందనుంచి ఇంకో మాట లేచింది. నేను పెట్టిన కథే వీడి చెవిలోకి వెళ్ళింది.

"మిగతాది సెప్పు" అంది.

"దూది ముక్క వచ్చింది. ఎల్లి ఏసుకుంతాలా అన్నాడు. నాను ఒక్కణ్ణే నవ్వుకుంతన్నాను. తలెత్తి సూసీసరికి అవతల బావ సేతులూపుతన్నాడు. నాకేసి సూసి గట్టిగా ఏటో అంతన్నాడు. దొరికిపోనాను అనుకున్నాను. ఒట్టు తప్పేనని తిడతన్నాడు అనుకున్నాను." చందు చెయ్యెత్తి చూపించాడు. "నాను నవ్వి సెయ్యెత్తేనక్కా. ఇలాగ. సారీ బావా అన్నట్టు. లోడరు నా ఎనకాతల ఉంది. నాకు తెల్దు. బావ పరిగెట్టుకొచ్చి నన్ను తోసీసేడు. నాను ఆ గొట్టం నీళ్ళ మడుగులో పడ్డాను."

ఆ తరువాతది అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ తరువాతది ఆమె ఆసుపత్రిలో చూసింది.

గౌరీశ్వరి, "ఏటన్నాడు?" అంది.

"అక్కా?"

"సేతులూపి ఏటో అన్నాడన్నావు గదా. ఏటన్నాడు బావ?"

చందు తల దించుకున్నాడు. రెండు చేతులతో ఇసక పట్టుకున్నాడు.

"ఇనబడనేదక్కా. నోరు కదిలింది. నా పేరే అయ్యుంతాది. లోడరనుంతాడు. నాకు ఇనబడనేదు. నాకు ఆ డాక్టరమ్మ మాటే ఇనిపించింది. సన్నీళ్ళు తాగితే ఎక్కువౌతాందా అని."

అప్పుడు ఏడ్చింది గౌరీశ్వరి. పెద్దగా కాదు. భర్త పోయిన రోజున వీధంతా వినేలా ఏడ్చిన మనిషి ఇప్పుడు మోకాళ్ళ మీద నుదురు ఆన్చి, పక్కనున్నవాడికి కూడా వినపడనంత చిన్నగా ఏడ్చింది. ఆరేళ్ళ కాపురంలో అతను చెప్పిన కబుర్లన్నీ ఆమె విన్నది. ఆఖరిసారి అతను నోరు తెరిచి అన్న మాట మాత్రం ఎవరి చెవినా పడలేదు. ఇక పడదు కూడా.

కాసేపటికి తల ఎత్తి ముఖం తుడుచుకుంది. "మరి కాగితంలో బావ సెవిలో ఉందని ఎలా రాసేరు?"

"నన్ను తోసినప్పుడు ఒకటి ఊడిపోయి బావ పక్కన పడింది. సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి గారు దాన్ని తీసి, ఇది ఈడి సెవిలోదేనా అని నన్నడిగేరు. నాను తలూపాను." చందు ఇప్పుడు కూడా తల ఊపాడు, ఎలా ఊపాడో చూపిస్తున్నట్టు. "అంతే అక్కా. నోటితో ఒక్క ముక్క అబద్ధం ఆడనేదు. తలూపాను. సాయంత్రానికి దాన్ని కాగితం మీద ఎక్కించి సంతకం ఎట్టమన్నారు. పోయినోడికి ఇంకేటి పోద్ది, నీ పెళ్ళాం కడుపుతో ఉంది, నోరు మూసుకుంటే పెర్మనెంటు సేయిత్తానన్నారు. సోమవారం ఇచారణయ్యేదాకా యార్డు కాడికి రావొద్దన్నారు."

"పోయినోడికి ఏటీ పోదా?" అంది గౌరీశ్వరి. "ఆళ్ళమ్మ రోజూ ఏటని ఏడుత్తందో నీకు తెల్సా? నా కొడుక్కి బుద్ధి నేకపోనాదే అని ఏడుత్తంది. పనికాడ కథలింటారేటి ఎవులైనా అని. పోయినోడి మీద ఏడవడానికి కూడా ఆవిడకి సరిగ్గా కుదర్నేదు. కోపం అడ్డొత్తంది. ఆవిడకొచ్చి సెప్పు. సోమవారం సంగతి తర్వాత. ముందు ఆవిడకి సెప్పు."

"సెప్తే నా బతుకు..."

"నీ బతుకు ఎవులిచ్చేరు చందూ?"

ఇంత కటువుగా ఆమె ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. చందు దెబ్బ తిన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

పడవ అవతలి పక్క గాజులు కదిలిన చప్పుడైంది. సత్యశ్రీ నిలబడి ఉంది. చందు భార్య. ఏడో నెల. ఎవరో ఊరికి కొత్తావిడ వచ్చిందని విని చెంబుతో మంచినీళ్ళు తెచ్చినట్టుంది. చెంబు రెండు చేతులతో పట్టుకుని, ఎంతసేపటి నుంచి నిలబడిందో, అలాగే ఉంది.

"సత్యా, నువ్వు ఇంటికెల్లు" అన్నాడు చందు.

ఆమె వెళ్ళలేదు. ముందు వచ్చి గౌరీశ్వరి చేతికి చెంబు ఇచ్చింది. "తాగక్కా" అంది. ఆ తరువాత మొగుడి వైపు తిరిగింది. "రాత్రుళ్ళు లెగిసి కూకుంటన్నావు. బావ పోనాడన్న బెంగ అనుకున్నాను. నాతో కూడా సెప్పనేదు."

"సెప్తే ఏటి సేత్తావు?"

"మగపిల్లోడైతే బావ పేరెట్టుకుందామన్నావు. పురుగు కుట్టినట్టు పొద్దస్తమానం అదే మాట. రేపు నాను ఆ పేరెట్టి పిల్లోణ్ణి పిలిత్తే నువ్వు తలెత్తి సూడగలవా?" ఆమె గొంతు పెంచలేదు. "పెర్మనెంటు ఒద్దు, ఏటీ ఒద్దు. సేపలమ్ముకుని మా అమ్మ నలుగుర్ని పెంచింది. నువ్వు ఎల్లు. అక్కతో ఎల్లు."

చందు లేచాడు. కాళ్ళ ఇసక దులుపుకోలేదు. చొక్కా తెచ్చుకోవడానికి ఇంటికి కూడా వెళ్ళలేదు. పడవ అంచు మీద ఆరేసిన చొక్కా, ఇంకా తడి ఆరనిదే, వేసుకుని బయల్దేరాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మధ్యలో గౌరీశ్వరి ఖాళీ సంచీ. కొండ పైకి వచ్చాక, పోర్టు క్రేన్లు దూరంగా కనిపించే మలుపులో చందు కిటికీలోంచి ముఖం తిప్పేసుకున్నాడు.

"ఆఖర్న ఆవిడ ఒప్పుకుంతాదా?" అని అడిగింది గౌరీశ్వరి. అడిగాక ఎందుకు అడిగానా అనుకుంది.

"ఎవులు?"

"ఆ డాక్టరమ్మ."

"తెల్దక్కా. అక్కడిదాకా ఎల్లనేదు." ఖాళీ సంచీ వైపు చూస్తూ అన్నాడు. "బావ ఒప్పుకుంతాది అనీవోడు. పందెం కట్టేడు."

గౌరీశ్వరి సంచీ అంచు సరిచేసింది.

ఇంటికి చేరేసరికి ఐదున్నర. ఎండ ఇంకా గోడల మీద ఉంది. గుమ్మం పక్కన కుళాయి దగ్గర కాసులమ్మ కూర్చుని ఎడమ చేతి బొటనవేలిని కొబ్బరి పీచుతో రుద్దుకుంటోంది. వేలి మీద నీలం సిరా. రుద్దిన కొద్దీ పలచబడుతోంది గానీ పోవడం లేదు.

"ఇదేటత్తా?" అంది గౌరీశ్వరి. గేటు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి.

"వచ్చేవా? శ్రీరామ్మూర్తి బాబు వచ్చి ఎల్లేరు. ఆఫీసోళ్ళు ఇంకో ఇద్దరు" అంది కాసులమ్మ, వేలు రుద్దుతూనే. "కాగితం సదివి ఇనిపించేరు. తప్పు మావోడిదే, మేం ఎవుల మీదా ఫిర్యాదు సెయ్యం అని. దానికి ఏలుముద్ర ఏత్తే నీకు ఆఫీసులో కూకుని సేసే పని ఇత్తారంట. ఏసేను."

"నాను వచ్చీదాకా ఆగలేకపోనావా? నన్నడక్కుండా ఎందుకేసేవత్తా?"

"నిన్నడిగితే ఒద్దంతావు." కాసులమ్మ పీచు పక్కన పడేసి కోడలి ముఖంలోకి చూసింది. ఈ ఐదు వారాల్లో ఆవిడ అలా సూటిగా చూడడం ఇదే మొదలు. "ఆడింక రాడు. నువ్వుండాల. మిషను తొక్కి తొక్కి నీ నడుం పడిపోతాందని ఆడే అనీవోడు. ఇంకో మాట. ఆ రోజు నాను ఏడుపులో ఏదో అన్నాను. నీ మీద పెట్టి అననేదు. నీ తప్పని ఒక్క రోజూ అనుకోనేదు. నోటితో సెప్పడం నాకు రానేదు. ఈ ఏలుముద్దరేసి సెప్పేను అనుకో."

ఇన్ని రోజులూ వినాలని ఆశపడ్డ మాట గౌరీశ్వరి విన్నది. దాని వెల ఏమిటో కూడా విన్నది. కొడుకుని తప్పుచేసినవాణ్ణి చేసి, ఆ తల్లి కోడలికి నీడ కొన్నది.

అప్పుడు కాసులమ్మ చూపు గేటు అవతల నిలబడిన మనిషి మీద పడింది. కళ్ళు చికిలించింది. "ఎవులూ? చందువా? ఓలమ్మ, ఇలా సిక్కిపోనావేట్రా." లేచి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ ఎదురు వెళ్ళింది. అతని భుజం పట్టుకుంది. తడిచొక్కా తగిలి చెయ్యి వెనక్కి తీసి, మళ్ళీ పట్టుకుంది. "రానేదేటని ఎవుల్నీ అడగనేదు నాను. నువ్వు తట్టుకోలేవని తెల్సు. ఆడికి నువ్వంటే పేనం. రా లోనికి. పొద్దున్నుంచి ఏటీ తిన్నట్టు నేదు నీ ముఖం."

చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పీట వేసింది. నీలకంఠం కూర్చునే చోటు అది. చందు కూర్చోలేదు. కాసులమ్మ గిన్నె మూత తీసి, గరిటెతో అన్నం కంచంలోకి వేస్తోంది.

గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది. చందు కూడా ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి అర్థమైంది. వేలిముద్ర పడిపోయింది. ఇప్పుడు అతను నోరు విప్పకపోయినా ఎవరూ అడగరు. విప్పితే, సిరా ఇంకా వదలని వేలున్న ఆ తల్లికి తన కొడుకు ఏ తప్పూ చెయ్యలేదని తెలుస్తుంది. చెయ్యని తప్పుకి తనే సాక్ష్యం చెప్పానని కూడా తెలుస్తుంది. ఆ ముసలి ప్రాణం రెండింటినీ ఒకే రోజున మోయగలదా?

"అత్తా" అన్నాడు చందు. "అన్నం ఒద్దు. నీకో మాట సెప్పాలని వచ్చేను. ఆ రోజు యార్డులో..."

"చందూ, ఆగు" అంది గౌరీశ్వరి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. యారాడ నుంచి అతన్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది ఈ మాట చెప్పించడానికే. ఇప్పుడు ఆపుతున్నదీ తనే.

కాసులమ్మ కోడలి వైపు చూసింది, చందు వైపు చూసింది. గరిటె కింద పెట్టింది. కంచం పక్కకి జరిపి, నేల మీద చేతులాన్చి నెమ్మదిగా చతికిలబడింది.

"ఆగడమెందుకు?" అంది. "సెప్పనీ."